యానోమామి జనం: అరటి అంబలిలో అస్థికల పొడి ఎందుకు కలుపుతారు? అసలు పద్ధతి ఏమిటి?

గోదారిగట్టు:
యానోమామి అని వెతికితే తెలుగులో "శవాలు తినే తెగ" అన్న వీడియోలే దొరుకుతున్నాయి. ఏం తింటారో, దేన్లో కలుపుతారో, ఎప్పుడో, ఎందుకో ఒక్కరూ చెప్పరు. ఒకాయన దహనం చేస్తారంటాడు, ఇంకొకాయన అడవిలో వేలాడదీస్తారంటాడు. ఏది నిజం? విషయం తెలిసినవాళ్లు పని ఎలా జరుగుతుందో మొదటినుంచీ వరసగా చెప్పండి. భయపెట్టే మ్యూజిక్ అక్కర్లేదు.

ఓరినోకో:
రెండూ నిజమే, ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. యానోమామి అంటే ఒక ఊరు కాదు. బ్రెజిల్‌లో రొరైమా, అమెజొనాస్ రాష్ట్రాలు, అటు వెనిజులాలో ఓరినోకో నది పైభాగం, మధ్యలో పరీమా కొండలు, ఇదంతా వాళ్ల నేల. ఒక్క బ్రెజిల్ వైపే 96 లక్షల హెక్టార్లు, అంటే తెలంగాణ కన్నా కాస్త తక్కువ. 1992లో హద్దులు ఖరారయ్యాయి. దగ్గరి చుట్టరికం ఉన్న భాషలు అయిదారు మాట్లాడతారు. కాబట్టి "యానోమామిలు ఇలా చేస్తారు" అనే వాక్యం దేనికైనా సగమే సరిపోతుంది.

ముందు ఒక మాట: మాంసం ఎవరూ ముట్టరు. కాలిన ఎముకల పొడి మాత్రమే.

ఓరినోకో వైపు పద్ధతి ఇది. షబోనో అంటే ఊరంతా కలిసి ఉండే గుండ్రటి ఇల్లు, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ. ఆ ఖాళీలోనే చితి పేరుస్తారు. ఆ పొగ సోకితే జబ్బు చేస్తుందని నమ్మకం. అందుకే పిల్లల్నీ, ఒంట్లో బాగాలేనివాళ్లనీ ముందే బయటికి పంపేస్తారు. పొగ తగిలిన విల్లంబులు కడుగుతారు. చితి చల్లారాక ఎముక ముక్కల్నీ, పళ్లనీ జాగ్రత్తగా ఏరతారు. దుంగను తొలిచి చేసిన రోట్లో దంచి పొడి చేస్తారు. పొడిని చిన్న సొరబుర్రల్లో పోసి మూతికి తేనెమైనం బిగిస్తారు. రోలుకు అంటుకుని మిగిలిన ధూళిని కూడా వదలరు. ఉడికించిన అరటి అంబలితో రోలు కడిగి, ఆ అంబలిని అప్పుడే తాగేస్తారు. తర్వాత రోలునే కాల్చేస్తారు.

బుర్రల్లో ఉన్నది తర్వాత జరిగే విందుల కోసం. శత్రువుల చేతిలో చచ్చినవాడి పొడి మాత్రం ఆడవాళ్లే తాగుతారు.

బ్రెజిల్ తూర్పు ఊళ్లలో ముందు శవాన్ని చుట్టి, ఊరికి దూరంగా అడవిలో ఎత్తున వేలాడదీస్తారు. వారాల తరబడి ఉంచి, ఎముకలు మిగిలాక శుభ్రం చేసి, అప్పుడు కాలుస్తారు. పొడిలో కొంత పొయ్యి పక్కన పాతడం, కొంత అంబలిలో తాగడం ఊరిని బట్టి మారుతుంది. ఈ విందు పేరు రెయాహు.

గోదారిగట్టు:
బాగా చెప్పారు ఓరినోకో గారూ. కానీ ఎందుకు? పాతిపెడితే ఏమవుతుంది?

ఓరినోకో:
పాతిపెడితే మనిషి పూర్తిగా వెళ్లడు. చనిపోయినవాళ్ల ప్రేతం ఆకాశం వీపు మీదికి చేరాలి. అక్కడ తన ముందువాళ్లతో కలవాలి. ఇక్కడ ఏదైనా గుర్తు మిగిలితే, అది ఊయల గానీ బాణం గానీ బుట్ట గానీ, ప్రేతం దానికోసం తిరిగొస్తుంది, బతికున్నవాళ్లను తనవెంట రమ్మంటుంది. అందుకే వస్తువులన్నీ కాలుస్తారు, విరగ్గొడతారు. పేరు కూడా వస్తువు లాంటిదే. చనిపోయినవాళ్ల పేరు వాళ్ల బంధువుల ముందు పలికితే అది పెద్ద అవమానం, దాంతో కొట్లాటలు కూడా జరుగుతాయి. అస్థికల పొడి అయిపోయిన రోజే దుఃఖం తీరినట్టు. ఒక మనిషికి ఒక్క విందు చాలదు, బుర్రలు ఖాళీ అయ్యేదాకా విందులు చేస్తూనే ఉంటారు. ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు.

పోడుబాట:
అందరూ ఎముకల దగ్గర ఆగిపోతారు గానీ అసలు కష్టం అరటి దగ్గర ఉంది. తోట లేకపోతే రెయాహు లేదు. వాళ్ల తిండిలో ఎక్కువ భాగం తోటదే, వేటది కాదు. బొంత అరటి, కర్రపెండలం, చేమదుంప, చిలగడదుంప, బొప్పాయి, చెరకు, పొగాకు, పత్తి, బాణాలకు పనికొచ్చే రెల్లు, అన్నీ తోటలోనే.

తోట వేసే వరస మన ఏజెన్సీ పోడుకు దగ్గరగానే ఉంటుంది. ముందు చిన్న పొదలు, తీగలు కొడతారు. తర్వాత పెద్ద మానులు. ఎండనిచ్చి, వానలకు ముందు తగలబెడతారు. పెద్ద దుంగలు పూర్తిగా కాలవు, వాటిని తియ్యరు. అవే తర్వాత వంటచెరుకు, వాటి మధ్య ఖాళీల్లోనే పిలకలు నాటతారు. పెద్ద పిలక నాటితే కొన్ని నెలల్లో గెల వేస్తుంది. కానీ ఒక్కోటి నాలుగైదు కిలోల దాకా తూగుతుంది. కొత్త తోట రోజు నడక దూరంలో ఉంటే ఎన్ని మోస్తారు? అందుకని దూరమైతే చిన్న పిలకలు తీసుకెళ్తారు, కాపు ఆలస్యమవుతుంది. ఆ మధ్యకాలం పాత తోట మీదే బతకాలి. పాత తోటను వదిలి తొందరపడి వచ్చిన ఊరు ఆకలితో అవస్థపడుతుంది.

రెండు మూడేళ్లకు కలుపు, ముళ్లపొదలు తట్టుకోలేనంత పెరుగుతాయి. అప్పుడు ఒక అంచున కొత్త అడవి కొట్టి ముందుకు జరుగుతారు. జరిగే అంచును తోట ముక్కు అంటారు, వదిలేసిన భాగాన్ని తోట ముడ్డి అంటారు. ఇది వాళ్ల మాటే, నేను పెట్టింది కాదు.

వదిలేసిన తోటలో కూడా రాషా చెట్లు ఏళ్ల తరబడి కాస్తాయి. ఇది గెలలు గెలలుగా కాసే తాటిజాతి చెట్టు, పండు ఉడకబెట్టి తింటారు. మాను నిండా సూదుల్లాంటి ముళ్లు. కౌగిలించుకుని ఎక్కడం కుదరదు. రెండేసి కర్రలను మాను చుట్టూ అడ్డంగా దాటించి తీగతో కట్టి, ఇలాంటి చట్రాలు రెండు చేస్తారు. పైదాని మీద బరువు వేసి కిందిదాన్ని కాళ్లతో పైకి లాగుతారు, కిందిదాని మీద నిలబడి పైదాన్ని జరుపుతారు. గెల కోసి తీగతో కిందికి దింపాలి, జారవిడిస్తే పళ్లు చితికిపోతాయి.

కుంపటి:
విందుకు అరటి ఎంత కావాలో కూడా రాయండి పోడుబాటా.

పోడుబాట:
అదే వస్తున్నా. అంబలి కాచేది గిన్నెలో. నిలవ చేసేది చెట్టుబెరడును పడవలా మడిచి, చివరలు కట్టి, పక్కలకు కర్రలు ఊతమిచ్చిన తొట్టిలో. ఓరినోకో వైపు 300 లీటర్లు దాటే తొట్టెలు కట్టిన దాఖలాలున్నాయి. పచ్చి గెలలు కోసి ఇంటి కప్పు కింద మగ్గేదాకా వేలాడదీస్తారు. అవి మగ్గేలోపు మగవాళ్లు అడవికి పోయి విందు మాంసం తేవాలి. ఈ రెంటికీ లెక్క కుదరాలి. వేట దొరక్క ఆలస్యమైతే అరటి నల్లబడిపోతుంది. అతిథులు ముందే దిగబడితే కాయలు పచ్చిగా ఉంటాయి, ఊరి పరువు పోతుంది. గెలలు చాలినన్ని లేకపోతే విందు వాయిదా, అస్థికల సొరబుర్ర అలాగే వేలాడుతుంది.

విల్లంబులు:
వేట సంగతి నాకు వదిలెయ్యండి.

విల్లు తాటిజాతి చెక్కతో చేస్తారు, మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. చెక్క ఎంత గట్టిదంటే మేకు దిగదు. పెక్కరీ అనే అడవిపంది దవడ ఎముకకున్న కోర పట్టుకుని గీకి నునుపు చేస్తారు. అల్లెతాడు చెట్టునారను తొడ మీద పేని చేసేది. బాణం దాదాపు రెండు మీటర్లు, తోటలో పెంచిన రెల్లుది. ఇంత పొడుగెందుకంటే గురి దూరానికి కాదు. చిక్కటి అడవిలో కొట్టే దూరం తక్కువ, నిలకడ కావాలి.

ములుకులు ప్రధానంగా మూడు రకాలు. టేపిర్ లాంటి పెద్ద జంతువుకు వెడల్పాటి వెదురు బద్ద. పక్షులకు కోతి ఎముకతో చేసిన ముల్లు, కొక్కెంలా వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి పక్షి బాణంతో ఎగిరిపోలేదు. కోతులకు విషపు ములుకు. ఇది పెన్సిల్ మందాన తాటిచెక్క పుల్ల, దాని చుట్టూ అక్కడక్కడ గాట్లు పెడతారు. ఎందుకంటే కోతి బాణం పీకేసుకుంటుంది. గాటు దగ్గర పుల్ల విరిగి విషం లోపలే ఉండిపోతుంది. విషం కండరాలను సడలిస్తుంది, కోతి కొమ్మ పట్టు వదిలి కింద పడుతుంది. విషం లేకుండా కొడితే చచ్చాక కూడా కొమ్మకు వేలాడుతూ ఉండిపోతుంది, వేట దండగ. వాన తడికి పూత కరిగిపోతుంది, అందుకే ములుకులను వెదురు అమ్ములపొదిలో మూతవేసి వీపున వేసుకుంటారు.

ఒక నియమం: వేటగాడు తాను కొట్టిన మాంసం తినడు. ఇతరులకు పంచాలి, తనకు ఇతరులు కొట్టినది వస్తుంది. తనది తానే తింటే వేట చేతికి రాకుండా పోతుందని నమ్మకం. ఫ్రిజ్ లేని చోట ఇంతకన్నా పక్కా నిలవ పద్ధతి ఉండదనుకుంటా. మాంసం ఇరుగుపొరుగు కడుపుల్లో దాచినట్టు.

కుంపటి:
ఉప్పు సంగతి కూడా చెప్పాలి. వంటలో ఉప్పు లేదు. కొన్నిచోట్ల చెట్టుబెరడు బూడిద నీళ్లు వాడతారు గానీ అదీ తక్కువే. 1988లో అచ్చయిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 52 చోట్ల జనాన్ని పోల్చారు. మూత్రంలో సోడియం అందరికన్నా తక్కువ ఉన్నది యానోమామిలకే, దాదాపు సున్నా. సగటు రక్తపోటు 95 మీద 61 దగ్గర. వయసుతో పాటు పెరగలేదు కూడా. ఒక్క ఉప్పు వల్లే అనుకోకూడదు. సారా లేదు, ఊబకాయం లేదు, రోజంతా నడక.

పొగాకు మాత్రం ఆడా మగా పిల్లలూ అందరికీ ఉంటుంది. ఆకును తడిపి, బూడిదలో పొర్లించి, చుట్టగా మడిచి కింది పెదవి వెనక పెట్టుకుంటారు. ఒకరి నోట్లోది ఇంకొకరు అడిగి తీసుకోవడం మామూలే.

సందేహం_సుబ్బారావు:
అంతా బాగుంది. కానీ వాళ్ల షమాన్లు, అంటే మంత్రవైద్యులు, ముక్కులో ఒక చెట్టుబెరడు పొడి ఊదించుకుని దేవుళ్లు కనబడ్డారంటారట, అది మత్తే కదా. భక్తి ఎక్కడుంది?

ఓరినోకో:
సుబ్బారావు గారూ, పొడి మాత్రమే చాలితే ఊరంతా షమాన్లే అయ్యేవారు.

ఆ పొడి విరోలా చెట్టు బెరడు జిగురుతో చేస్తారు. బ్రెజిల్ వైపు దాని పేరు యాకోవానా. సువాసన ఆకుల పొడి, ఒక చెట్టు బెరడు బూడిద కలుపుతారు. పొడవాటి గొట్టంతో ఒకరు ఊదితే ఇంకొకరు ముక్కుతో అందుకుంటారు. మనస్సును మార్చే రసాయనం అందులో ఉంది, ఎవరూ కాదనరు. అయితే దాన్ని వాళ్లు షపిరి తిండి అంటారు. షపిరి అంటే ఆదికాలంలో మనుషులుగా ఉండి తర్వాత జంతువులైనవాటి ప్రతిరూపాలు. వెనిజులా వైపు హెకురా అంటారు. ధూళికణమంత చిన్నవి, మెరిసిపోతుంటాయి, అద్దాల మీద నాట్యం చేస్తూ దిగివస్తాయి. షమాన్ ఆ పొడి పీల్చినప్పుడు ఆకలి తీరేది వాటికి.

శిష్యుడు రోజుల తరబడి పెద్దలు ఊదిన పొడి పీలుస్తూ, దాదాపు పస్తు ఉంటాడు. మాంసం వాసన, పొగ వాసన, ఆడవాళ్ల పొందు షపిరికి గిట్టవు. నియమం తప్పితే అవి వెళ్లిపోతాయి, మళ్లీ రావు. అందుకే మొదలుపెట్టిన కుర్రాళ్లలో మధ్యలో వదిలేసేవాళ్లు ఉంటారు. నిలబడినవాడి ఛాతీలో షపిరి ఇల్లు కట్టుకుంటాయి. ఒక్కో షపిరికి ఒక్కో పాట ఉంటుంది, నేర్చుకోవాల్సింది ఆ పాటలు.

షమాన్ రోజూ చేసే పని వైద్యం. జబ్బంటే ఎవరో రోగి లోపలి ప్రతిరూపాన్ని ఎత్తుకుపోయారని. దాన్ని వెతికి తేవడానికి తగిన షపిరిని పంపాలి. వానలు ఎక్కువైతే ఆపడం, వేట జంతువులు తగ్గితే పిలవడం, ఆకాశం కూలకుండా పట్టడం, ఇవన్నీ అదే ఉద్యోగంలో భాగం.

గోదారిగట్టు:
ఆకాశం కూలడమా?

ఓరినోకో:
ఇప్పుడు మనం నడుస్తున్న నేల ఒకప్పటి ఆకాశమే. ఆదిలో అది కూలి కిందిజనాన్ని పాతాళంలోకి తొక్కేసింది. దాని వీపే ఈ అడవి, పేరు హుటుకరా. తర్వాత ఓమామ అడవినీ, నదుల్నీ, ఇప్పటి మనుషుల్నీ చేశాడు. అతని సోదరుడు యోఆసి తెలివితక్కువ పనుల వల్ల మనిషికి చావు వచ్చింది. ఇప్పుడున్న ఆకాశాన్ని షపిరి నిలబెడుతున్నాయి, షమాన్లందరూ చచ్చిపోతే పట్టుకునేవాళ్లు ఉండరు. 2004లో యానోమామిలు పెట్టుకున్న సంఘం పేరు కూడా హుటుకరానే. దాని నాయకుడు, షమాన్ దావి కొపెనావాకు, సంఘానికి కలిపి 2019లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది.

మేనరికం:
చుట్టరికం సంగతి ఎవరూ ఎత్తలేదే. తెలుగువాళ్లకు వాళ్ల వరసలు అర్థం కావడానికి అయిదు నిమిషాలు చాలు. తండ్రి అన్నదమ్ముల పిల్లలు, తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు బావా మరదళ్ల వరస, పెళ్లికి తగినవాళ్లు. మానవశాస్త్రంలో ఇలాంటి వరసలకు ద్రావిడ పద్ధతి అనే పేరుంది. దక్షిణ అమెరికా అడవుల్లో చాలా తెగలకు ఇదే అమరిక, మనకూ వాళ్లకూ చరిత్రలో సంబంధం ఏమీ లేదు. అక్క కూతుర్ని చేసుకునే మన అలవాటు మాత్రం వాళ్లకు పనికిరాదు.

పెళ్లయ్యాక అల్లుడు కొన్నేళ్లు అత్తమామల ఊళ్లో ఉండి వాళ్లకు వేటాడి పెట్టాలి. అత్తగారి ముఖం చూడడు, మాట్లాడడు, దారిలో ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు. ఎదురుగా ఉన్న మనిషిని పేరుపెట్టి పిలవరు, వరసతోనే పిలుస్తారు. బయటివాళ్లతో స్నేహం కలిస్తే "షోరి" అంటారు, అంటే బావా అని.

విల్లంబులు:
విందుకు అతిథులు వచ్చినప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జుట్టుకు తెల్లటి పక్షి నూగు, ఒంటికి జాఫ్రా ఎరుపు పూసుకుని షబోనో చుట్టూ నాట్యమాడుతూ వస్తారు. తర్వాత ఎవరి ఊయల దగ్గరికి వాళ్లను తీసుకెళ్తారు. రాత్రంతా ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని లయతో వంతులవారీ మాటలు అనుకుంటారు, దీన్ని వయామో అంటారు. కోపాలు, అపవాదులు, అడగాల్సిన వస్తువులు అన్నీ అందులోనే తేలతాయి. తెల్లారాక ఇచ్చిపుచ్చుకోవడం. అడిగినదానికి వెంటనే బదులివ్వరు, అది తర్వాతి విందుకు బాకీ. ఆ బాకీల వల్లే ఊళ్లు మళ్లీ కలుస్తాయి.

కుంపటి:
బుట్టల గురించి చిన్న ముక్క. ఆడవాళ్లు నుదుటిపట్టీతో మోసే తీగబుట్టల్లోకి, పళ్లేల్లోకి నల్లటి దారం లాంటిది అల్లుతారు. అది నార కాదు, పుట్టగొడుగు వేరుదారం. నేలమీద రాలిన ఆకుల్లో పాకుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని కొత్త జాతిగా గుర్తించి మరాస్మియస్ యానోమామి అని పేరుపెట్టింది 2019లోనే.

సందేహం_సుబ్బారావు:
ఒప్పుకుంటున్నా, నియమం ఉంది. మరి బంగారం తవ్వేవాళ్లు వచ్చాక ఇవన్నీ జరుగుతున్నాయా?

పోడుబాట:
చాలాచోట్ల ఆగిపోయాయి, ఎందుకో వరసగా చూడండి.

తవ్వకందార్లు నీటిపంపులతో నది ఒడ్డును కోసి, బురదలోంచి బంగారాన్ని పాదరసంతో పట్టిస్తారు. మిగిలేది నీళ్లు నిలిచే గుంటలు. మలేరియా దోమ అక్కడే పెరుగుతుంది. మలేరియా ఊళ్లోకి వస్తే ముందు పడుకునేది పనిచేసే వయసువాళ్లు. అడవి కొట్టాల్సిన ఎండాకాలంలో నాలుగు వారాలు జ్వరంతో పడితే ఆ ఏడు తోట లేదు. తోట లేకపోతే వచ్చే ఏడు పిలకలూ లేవు. ఇంజన్ల మోతకు జంతువులు దూరం పోతాయి, బురదనీళ్లలో చేపలు పట్టడం కుదరదు. అంటే ఆకలి తవ్వకం జరిగిన ఏడాది కన్నా ఆ తర్వాతే ఎక్కువ. "అడవిలో ఉండీ తిండి లేదా" అని ఆశ్చర్యపోయేవాళ్లకు సమాధానం ఇది.

1987 తర్వాత మూడు నాలుగేళ్లలో 40 వేల మంది దాకా తవ్వకందార్లు చొరబడ్డారు. 1993లో హషిము ఊరి దగ్గర 16 మందిని చంపారు, బ్రెజిల్ కోర్టులు దాన్ని జాతిహననంగా తేల్చాయి. రెండోసారి తవ్వకందార్లు వెల్లువలా వచ్చింది 2019 తర్వాత. 2023 జనవరిలో బ్రెజిల్ ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అంతకుముందు నాలుగేళ్లలో నివారించగల కారణాలతో 570 మంది చిన్నపిల్లలు పోయారని అప్పుడే చెప్పారు.

షమాన్లు ఈ జబ్బుల్ని షవారా అంటారు. బంగారాన్ని భూమిలోంచి తీసి కాల్చినప్పుడు లేచే పొగే షవారా అని వాళ్ల వివరణ. పాదరసం సంగతి తెలిసినవాళ్లు దీన్ని కొట్టిపారేయలేరు.

ఓరినోకో:
అస్థికల ప్రశ్నకు తిరిగొస్తే, బయటివాళ్లకూ వాళ్లకూ మధ్య తగాదా ఎక్కువగా అక్కడే వచ్చింది. రెండు ఉదాహరణలు.

1960ల చివర అమెరికా పరిశోధకులు వేలమంది దగ్గర రక్తం తీసుకున్నారు. తర్వాత ఇచ్చినవాళ్లలో చాలామంది చనిపోయారు. ఒంట్లోది ఏదీ మిగలకూడదని నియమం ఉన్నచోట, వాళ్ల రక్తం ఎక్కడో చల్లటి డబ్బాల్లో ఏళ్లపాటు ఉంది. ఏళ్లు పోరాడి తిరిగి తెప్పించుకున్నారు. 2015లో 2,693 సీసాలు బ్రెజిల్ చేరాయి. తోతోతోబి ప్రాంతంలో షమాన్ల సమక్షంలో నేలలో పోసి పాతారు.

రెండోది 2020. ఏప్రిల్ 9న కోవిడ్‌తో 15 ఏళ్ల యానోమామి కుర్రాడు రొరైమా రాజధాని బోవా విస్తా ఆసుపత్రిలో చనిపోతే, ఇంటివాళ్లను అడక్కుండానే నగరంలో పాతిపెట్టారు. తర్వాత యానోమామిల్లోనే ఒక శాఖ అయిన సనుమా తల్లులు తమ పసిపిల్లల శవాలు ఎక్కడున్నాయో చెప్పమని అడిగారు. మన లెక్కలో అది అంటువ్యాధి జాగ్రత్త. వాళ్ల లెక్కలో ఆ పిల్లలకు రెయాహు లేదు, కాబట్టి చావు ఇంకా పూర్తి కాలేదు. పైన రాసిన దహనం, దంచడం, బుర్ర, అరటి, వేట, వీటిలో ఒక్క మెట్టుకూ అవకాశం లేదు.

గోదారిగట్టు:
ఇప్పుడు అర్థమైంది. ఒక్కటే ప్రశ్న: వాళ్ల దగ్గరికి వెళ్లి చూసే వీలుందా? ఫొటోలు?

మేనరికం:
ఊళ్లకు టూరిజం లేదు. బ్రెజిల్ మూలవాసుల శాఖ ఫునాయ్ అనుమతి, ఊరి ఒప్పుదల రెండూ కావాలి. మనకు మామూలు జలుబు అయినా అక్కడ ఊరిని పడుకోబెట్టగలదు.

ఒక్క దారి ఉంది: యారిపో. మ్యాపుల్లో పీకో ద నెబ్లీనా అని ఉంటుంది, బ్రెజిల్‌లో ఎత్తైన శిఖరం, 2,995 మీటర్లు. వాళ్లకు అది షపిరి ఉండే చోటు. 2022 నుంచి యానోమామిల సంఘమే మనుషుల్ని తీసుకెళ్తోంది, సావ్ గాబ్రియెల్ ద కషొయేరా ఊరి నుంచి బయల్దేరాలి. గైడ్లు, కూలీలు, వంట అంతా వాళ్లదే. వానల్లో బురద తొడదాకా వస్తుంది, రోజులకు రోజులు నడక.

ఫొటోల విషయంలో: అడక్కుండా తీయొద్దు. తీసినా ఆ మనిషి చనిపోయాక ఆ బొమ్మ తీసెయ్యమని అడిగే హక్కు కుటుంబానికి ఉందని ముందే ఒప్పుకోండి. పాత ఫొటోలు దొరికితే పేర్లు కింద రాసి పెట్టొద్దు, ఊరి పేరు, ఏడాది రాస్తే చాలు.